ఎక్కేటప్పుడు జారాలి... ఎక్కాక కదలకూడదు!

బండికి గ్రిప్ మార్చడం కూడా ఒక పనేనా అనుకుంటాం. పాతది పీకెయ్యడం, కొత్తది తోసెయ్యడం... అంతే కదా! కొత్త గ్రిప్ సగం దాకా వెళ్లి ఇరుక్కుపోయినప్పుడు తెలుస్తుంది అసలు సంగతి. ముందుకి పోదు, వెనక్కి రాదు. ఇంకాస్త బలం పెడితే చివర చిరుగుతుంది. విసుగొచ్చి కాస్త కొబ్బరినూనె రాస్తే సర్రున ఎక్కేస్తుంది. హమ్మయ్య అనుకుంటాం. మర్నాడు ట్రాఫిక్‌లో చెయ్యి తిప్పితే గ్రిప్ తిరుగుతుంది కానీ ఇంజిన్ పలకదు!

గ్రిప్ కథంతా ఈ రెండు ముక్కల్లోనే ఉంది. ఎక్కేటప్పుడు అది జారాలి. ఎక్కాక చచ్చినా కదలకూడదు. మనం ఏం రాసినా, ఏం చేసినా ఈ రెండూ జరగాలి. మొదటిదొక్కటే చూసుకుని రెండోది మర్చిపోతేనే ప్రమాదం.

హుస్సేనీ ఆలం రోడ్డు మీద చేతికెంత పనో!

చార్మినార్ దగ్గర బయల్దేరి లాడ్ బజార్, మహబూబ్ చౌక్ దాటి, హుస్సేనీ ఆలం మీదుగా పురానాపూల్ వైపు ఒకసారి బండి మీద వెళ్లి చూడండి. 1578లో కుతుబ్‌షాహీల కాలంలో మూసీ మీద కట్టిన ఆ వంతెన దాకా దూరం పెద్దగా ఉండదు. కానీ దారిలో తోపుడు బండ్లు, ఆటోలు, గాజులు కొనడానికి ఆగిన జనం, అడ్డంగా వచ్చే స్కూటీలు, స్కూలు వదిలిన పిల్లలు! రంజాన్ రాత్రుల్లో అయితే చెప్పనే అక్కర్లేదు.

ఇలాంటి చోట స్పీడోమీటర్ ముల్లు పెద్దగా కదలదు. పని అంతా కుడి చేతిదే. కొంచెం ఇచ్చి, వదిలి, మళ్లీ కొంచెం ఇచ్చి, బ్రేకు నొక్కి... హైవే మీద అరగంటలో తిప్పనన్నిసార్లు ఇక్కడ ఐదు నిమిషాల్లో తిప్పుతాం. మనిషి నడిచే వేగంతో బండి పడిపోకుండా బ్యాలెన్స్ అయ్యేది ఆ చిన్న చిన్న తిప్పుళ్ల మీదే.

ఇప్పుడు గ్రిప్ వదులుగా ఉందనుకోండి. మీరు తిప్పుతారు, రబ్బరు మాత్రమే తిరుగుతుంది, బండి కదలదు. ఇంకొంచెం తిప్పుతారు. ఈసారి రబ్బరు లోపల ఎక్కడో పట్టుకుంటుంది. బండి ఒక్కసారిగా ముందుకి దూకుతుంది. ముందు ఉన్నది పిల్లాడైతే? అందుకే పాతబస్తీలో 'గ్రిప్ ఘూమ్ రా భాయ్' అన్న కంప్లయింట్‌ని చిన్నగా తీసుకోకూడదు. గ్రిప్ అనేది అందం కోసం పెట్టే యాక్సెసరీ కాదు. బండికీ మీకూ మధ్య ఉన్న పట్టు అదే.

లాడ్ బజార్ గాజుల లాజిక్

గ్రిప్ ఎలా ఎక్కించాలో తెలియాలంటే గాజుల షాపు ముందు కాసేపు నిలబడితే చాలు. బిగుతు గాజుని ఎవరూ బలంగా తొయ్యరు. తోస్తే గాజు పగులుతుంది, లేదా చెయ్యి గీరుకుంటుంది. చేతిని మెత్తగా నొక్కి, సబ్బు నురగ రాసో, చేతికి పల్చని ప్లాస్టిక్ కవర్ తొడిగో నెమ్మదిగా జరుపుతారు. గాజు సైజు మారలేదు, చెయ్యి సైజూ మారలేదు. రెండింటి మధ్యా ఒక పల్చని పొర వచ్చింది. అంతే, రాపిడి పోయింది.

గ్రిప్ కూడా అంతే. చాలా బైకులకీ, మామూలు సైకిళ్లకీ హ్యాండిల్ రాడ్డు మందం దాదాపు 22 మిల్లీమీటర్లు. గ్రిప్ లోపలి రంధ్రాన్ని కావాలనే దానికంటే కొంచెం చిన్నగా చేస్తారు. సాగి ఎక్కిన రబ్బరు మళ్లీ ముడుచుకోవాలని చూస్తుంది కాబట్టే రాడ్డుని గట్టిగా పట్టుకుంటుంది. అంటే ఎక్కడానికి మొండికేసేదీ, ఎక్కాక కదలకుండా ఉంచేదీ ఒకే బిగుతు. సులువుగా ఎక్కుతుందని వదులు గ్రిప్ కొంటే పట్టు ఎక్కడిది?

ఇంకో చిన్న రహస్యం. పాత సైకిల్ ట్యూబు ముక్క ఒకటి తీసుకుని రెండు వైపులా లాగండి. పొడవు పెరిగేకొద్దీ సన్నబడుతుంది. గ్రిప్‌ని చివర పట్టుకుని లాగినప్పుడూ ఇదే జరుగుతుంది. మనం లాగేకొద్దీ అది సన్నబడి రాడ్డుని ఇంకా గట్టిగా బిగిస్తుంది! అదే వెనక నుంచి తోస్తే పొట్టిగా అయ్యి కొంచెం ఉబ్బుతుంది, పట్టు సడలుతుంది. అందుకే తీసేటప్పుడైనా ఎక్కించేటప్పుడైనా లాగుడు తగ్గించి, తోస్తూ మెలిపెట్టాలి. బలం చాలక కాదు, బలం తప్పు దిక్కులో పెట్టడం వల్లే సగం గ్రిప్పులు చిరుగుతాయి.

ఏది రాయాలి? ఏది వద్దు?

గాజుకీ గ్రిప్పుకీ తేడా ఇక్కడే. గాజు ఎక్కాక చేతి మీద తిరిగినా ఫర్వాలేదు. గ్రిప్ తిరగకూడదు. కాబట్టి మనం రాసేది పని అయ్యాక ఆవిరై పోవాలి, వెనక ఏమీ మిగల్చకూడదు.

స్పిరిట్: మెడికల్ షాపులో దొరికే ఐసోప్రొపైల్ ఆల్కహాల్ బెస్ట్. కాసేపు జారుతుంది, తర్వాత ఆరిపోతుంది. కొనే ముందు చిన్న టెస్ట్: రెండు చుక్కలు వేళ్ల మధ్య రుద్ది ఆరనివ్వండి. జిడ్డుగా కానీ జిగటగా కానీ అనిపించకపోతే ఓకే. మంటకి దగ్గర పెట్టొద్దు, గాలి ఆడే చోట వాడండి.

శానిటైజర్: కరోనా టైమ్‌లో కొన్న బాటిల్ ఇంట్లో ఉందని వాడేయకండి. చేతులు పొడిబారకుండా అందులో గ్లిసరిన్ లాంటివి కలుపుతారు. ఆల్కహాల్ పోయినా అది లోపలే ఉండిపోతుంది. పై టెస్ట్‌లో ఫెయిలయ్యేది ఎక్కువగా ఇదే.

సబ్బు నీళ్లు: పని చేస్తాయి. కానీ ఆరడానికి చాలా టైమ్ పడుతుంది, లోపల సబ్బు పొర మిగులుతుంది. జులైలో వాన నీళ్లు అంచుల్లోంచి దిగితే ఆ పొర మళ్లీ మేలుకుంటుంది. తప్పనిసరైతే చాలా పల్చగా కలిపి వాడండి, ఒక రోజంతా బండి తీయకండి.

హెయిర్ స్ప్రే: బైకర్ల పాత చిట్కా. తడిగా ఉన్నప్పుడు జారుతుంది, ఆరాక అంటుకుంటుంది. ఐడియా మంచిదే. అయితే షాంపూతో తలలోంచి పోయేది, గట్టి వానలో గ్రిప్ లోంచి కూడా కొంత పోవచ్చు.

గ్రిప్ గమ్: గ్రిప్పుల కోసమే వచ్చే గమ్ ఉంటుంది. తడిగా ఉన్నంతసేపు అదే జారుడు, ఆరాక అదే పట్టు. కుడివైపు దీనికి మించింది లేదు. సూపర్ గ్లూ మాత్రం వద్దే వద్దు. క్షణాల్లో పట్టేసి గ్రిప్‌ని సగం దారిలోనే ఆపేస్తుంది.

పెట్రోల్: కొన్ని షాపుల్లో ఇప్పటికీ ఇదే వాడతారు. త్వరగా ఆరుతుంది నిజమే. కానీ పెట్రోల్ తగిలితే రబ్బరు ఉబ్బి మెత్తబడుతుంది, ఆయుష్షు తగ్గుతుంది. పైగా నిప్పంటుకునే ప్రమాదం. పక్కనే ఎవరో సిగరెట్ కాలుస్తుంటే ఇక చెప్పేదేముంది?

నూనె, గ్రీజు, తుప్పు వదిలించే స్ప్రే: ఇవి ఆరవు. రబ్బరులోకి ఇంకి దాన్ని పాడు చేస్తాయి, గ్రిప్ జీవితాంతం తిరుగుతూనే ఉంటుంది. ఇంజిన్ ఆయిల్ నుంచి కొబ్బరినూనె దాకా అన్నింటికీ ఇదే రూల్. నక్కో అంటే నక్కో!

ముందు పాతది తీద్దాం

పాత గ్రిప్ పారేసేదే అయితే బ్లేడుతో నిలువుగా కోసెయ్యడం సులువు. ఎడమవైపు ఇనుప రాడ్డు కాబట్టి పెద్దగా నష్టం లేదు. కుడివైపు మాత్రం ఆగండి. రబ్బరు కింద ఉన్నది యాక్సిలరేటర్ ట్యూబు. చాలా బండ్లకి అది ప్లాస్టిక్. బ్లేడు లోతుగా దిగితే గ్రిప్పుతో పాటు ట్యూబు కూడా మార్చాల్సి వస్తుంది. కార్బన్ హ్యాండిల్ ఉన్న ఖరీదైన సైకిళ్లకైతే ఏ వైపూ బ్లేడు పెట్టొద్దు. ఆ గీత దగ్గరే రేపు హ్యాండిల్ విరగొచ్చు.

పాతది పాడవకుండా తీయాలంటే ముందు బార్ ఎండ్ బరువులుంటే స్క్రూ విప్పి తీసేయండి. తర్వాత వైర్లు కట్టే ప్లాస్టిక్ ట్యాగ్ లాంటి పల్చటిది, మొనలేనిది ఒకటి గ్రిప్ అంచు కిందికి నెమ్మదిగా దూర్చండి. స్క్రూడ్రైవర్‌తో పొడిస్తే లోపలి రబ్బరు చీలుతుంది. ఆ సందులోంచి సూది తీసేసిన సిరంజితో కొంచెం స్పిరిట్ వదలండి. ట్యాగ్‌ని చుట్టూ తిప్పండి, గ్రిప్‌ని అటూ ఇటూ మెలిపెట్టండి. లోపల తడి అంతా పరుచుకోగానే అదే తిరగడం మొదలుపెడుతుంది. అప్పుడు లోపలి అంచు దగ్గర పట్టుకుని బయటికి తొయ్యండి.

ఇక కొత్తది... ఆరు స్టెప్పుల్లో

1. సరైనదే కొన్నారా? ప్యాకెట్‌లోని రెండు గ్రిప్పులూ కవలల్లా కనిపిస్తాయి. కానీ బైకులకి, స్కూటర్లకి కుడి గ్రిప్ రంధ్రం పెద్దది. లోపల రాడ్డు మీద యాక్సిలరేటర్ ట్యూబు ఉంటుంది కదా, దాని మందం కూడా కలిపి రెండు మూడు మిల్లీమీటర్లు ఎక్కువ ఉండాలి. తారుమారు చేస్తే కుడివైపుది చిరుగుతుంది, ఎడమవైపుది ఊడుతుంది. కొన్ని బండ్లకి కుడి గ్రిప్ ట్యూబుతో కలిపే వస్తుంది. షాపులో బండి మోడల్, తయారైన సంవత్సరం చెప్పి అడగండి.

2. రాడ్డు శుభ్రం: పాత గమ్ము, తుప్పు, జిడ్డు పూర్తిగా పోవాలి. చివర గరుగ్గా ఉందేమో వేలితో కాదు, పాత గుడ్డతో తుడిచి చూడండి. దారాలు చిక్కుకుంటే అక్కడ పదునుందన్నమాట. బండి ఒకసారి పడితే రాడ్డు అంచు అలాగే అవుతుంది, కొత్త గ్రిప్ చివరని లోపల్నుంచి గుండ్రంగా కోసేస్తుంది. గరుకు కాగితంతో నున్నగా చేయండి.

3. గ్రిప్‌ని మెత్తబరచండి: కొత్త రబ్బరు గట్టిగా ఉంటే స్పిరిట్ రాసే ముందు కొన్ని నిమిషాలు వేడి నీళ్లలో ముంచి ఉంచండి. మరిగే నీళ్లు అక్కర్లేదు. తీశాక లోపల తడి తుడిచేయండి. లైటర్‌తో వేడి చెయ్యడం మాత్రం తప్పు. రబ్బరు పైన మాడుతుంది, లోపల గట్టిగానే ఉంటుంది.

4. తడపండి: గ్రిప్ లోపల కొంచెం స్పిరిట్ పోసి, చివర వేలితో మూసి, చుట్టూ తిప్పి మిగిలింది పారబోయండి. రాడ్డు మీద కూడా పల్చగా పూయండి. స్విచ్చుల మీద పడకుండా గుడ్డ చుట్టండి.

5. ఒక్క ఊపులో: అసలు కిటుకు ఇదే. ఆగకూడదు. మధ్యలో ఫోన్ మోగిందని ఆగితే స్పిరిట్ ఆరిపోతుంది, గ్రిప్ అక్కడే ఇరుక్కుంటుంది. అరచేతితో చివర్నుంచి తోస్తూ, అటూ ఇటూ మెలిపెడుతూ చివరిదాకా తీసుకెళ్లండి. డిజైన్ గీతలు, పేరు నేరుగా వచ్చేలా వెంటనే తిప్పి సర్దేయండి. ఇరుక్కుంటే సుత్తి తీయకండి. అంచు ఎత్తి ఇంకొన్ని చుక్కలు వదలండి, చాలు.

6. ఆరనివ్వండి: బిగుతు రబ్బరు కింద గాలి ఆడదు కాబట్టి స్పిరిట్ కూడా మనం అనుకున్నంత త్వరగా పోదు. సాయంత్రం ఎక్కించి పొద్దున బండి తీయడం మంచి పద్ధతి. గమ్ వాడితే ప్యాకెట్ మీద రాసిన టైమ్ కచ్చితంగా పాటించండి.

గాలితో మ్యాజిక్

ఏమీ రాయకుండా ఎక్కించే దారి కూడా ఒకటుంది. అదే గాలి. కంప్రెసర్ ఉన్న మెకానిక్ షాపులో దుమ్ము ఊదే గన్ ఉంటుంది. గ్రిప్‌ని కొంచెం ఎక్కించి, దాని అంచు కింద ఆ గన్ ముక్కు పెట్టి గాలి వదిలితే రబ్బరు బెలూన్‌లా ఉబ్బుతుంది. గాలి పొర మీద తేలుతూ గ్రిప్ వేలితో తోస్తే పోతుంది. గాలి ఆపగానే టక్కున పట్టేస్తుంది. చివర రంధ్రం ఉన్న గ్రిప్ అయితే దాన్ని అరచేత్తో మూయాలి. తీయడానికీ ఇదే పద్ధతి.

పైన చెప్పిన రూలుకి ఇంతకంటే మంచి ఉదాహరణ లేదు. గాలి జారుస్తుంది, పనయ్యాక ఏమీ మిగల్చకుండా వెళ్లిపోతుంది. ఆరడానికి రాత్రంతా ఆగక్కర్లేదు. గన్‌ని మనుషుల వైపు పెట్టొద్దు. కళ్లకి అద్దాలుండాలి. చర్మానికి ఆనించి వదిలితే గాలి కూడా గాయం చేస్తుంది.

కుడివైపు... రెండు మిల్లీమీటర్ల ప్రాణరక్షణ

కుడి గ్రిప్ ఎక్కించేటప్పుడు చాలామంది 'లోపలిదాకా గట్టిగా' తోసేస్తారు. అలా చేస్తే గ్రిప్ అంచు స్విచ్చుల పెట్టెకి ఒరుసుకుంటుంది. అప్పుడు చెయ్యి వదిలినా యాక్సిలరేటర్ వెనక్కి రాదు. తిరగని గ్రిప్ కంటే వెనక్కి రాని గ్రిప్ ఇంకా డేంజర్. అందుకే మధ్యలో ఒకటి రెండు మిల్లీమీటర్ల ఖాళీ వదలాలి. బయటి చివర కూడా బార్ ఎండ్ బరువు గ్రిప్‌ని నొక్కకూడదు.

పాత చేతక్, లాంబ్రెట్టా స్కూటర్లు ఇంట్లో ఉంటే ఎడమ గ్రిప్ మీద కూడా ఇదే శ్రద్ధ కావాలి. గేర్లు మార్చేది దాన్ని తిప్పే కదా. అక్కడ రబ్బరు తిరిగితే గేరు పడదు. ఎలక్ట్రిక్ స్కూటర్లలో అయితే కుడి చేతి తిప్పుడుని చదివేది లోపల ఉన్న సెన్సర్. అక్కడ ద్రవాలు పోయడం సొంతంగా చేసే పని కాదు. సర్వీస్ సెంటర్‌కి వదిలేయండి.

పిల్లల సైకిల్ వైపు ఒకసారి చూడండి

గల్లీలో పిల్లలు తొక్కే సైకిళ్ల గ్రిప్పులు చివర చిరిగి లోపలి ఇనుప గొట్టం బయటికి కనిపిస్తుంటుంది. సైకిల్ నడుస్తోంది కదా అని ఎవరూ పట్టించుకోరు. పిల్లాడు పడినప్పుడు హ్యాండిల్ తిరిగి, ఆ గొట్టం చివర పొట్టలో గుచ్చుకోవచ్చు. పైకి చిన్న గుండ్రటి మచ్చే కనిపిస్తుంది. లోపల కాలేయం, ప్లీహం, క్లోమం లాంటి అవయవాలకి దెబ్బ తగిలిన కేసులు ప్రపంచమంతటా వైద్యులు చూస్తూనే ఉన్నారు. అలా పడిన పిల్లలకి కడుపునొప్పి, వాంతులు ఉంటే వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

అంత పెద్ద ప్రమాదానికి అడ్డం ఒక చిన్న రబ్బరు ముక్క! చివర మూసి ఉన్న గ్రిప్పులు, గట్టిగా పట్టినవి వేయించండి. స్క్రూతో బిగించే లాక్ గ్రిప్పులు కూడా దొరుకుతాయి. వాటికి స్పిరిట్, గమ్ ఏమీ అక్కర్లేదు. చిన్న ఎలెన్ కీ ఉంటే చాలు. చివర మూత కూడా పెట్టడం మర్చిపోకండి.

ఎప్పుడు మార్చాలి?

1839లో అమెరికాలో చార్లెస్ గుడ్‌ఇయర్ గంధకంతో రబ్బరుని ఉడికించే పద్ధతి కనుక్కోకముందు, ఎండకి అది బంకలా కరిగేది, చలికి గట్టిపడేది. ఇప్పుడంత సమస్య లేకపోయినా రబ్బరు ముసలిదవుతుంది. మన ఎండలు, చేతి చెమట, గాలిలోని ఓజోన్... అన్నీ కలిసి దాన్ని తింటాయి. గ్రిప్ పట్టుకుంటే చేతికి నలుపు అంటుకున్నా, జిగటగా అనిపించినా, పగుళ్లు కనిపించినా టైమ్ అయిపోయినట్టే. రంగు షాంపూలు, మెరుపు పాలిష్‌లు పూసి కొత్తగా చేయాలనుకోకండి. అవి చేతి కింద జారతాయి.

బండి తీసే ముందు ఒక్క నిమిషం

ఇంజిన్ ఆపి ఉంచి ఈ నాలుగూ చూడండి.

• రెండు గ్రిప్పుల్నీ గట్టిగా మెలిపెట్టండి. ఎడమది అస్సలు కదలకూడదు. కుడిది ట్యూబుతో కలిసే తిరగాలి, విడిగా కాదు.

• కుడి గ్రిప్‌ని పూర్తిగా తిప్పి వదలండి. టక్కున దానంతటదే వెనక్కి రావాలి.

• హ్యాండిల్‌ని పూర్తిగా ఎడమకి, తర్వాత పూర్తిగా కుడికి తిప్పి అదే టెస్ట్ మళ్లీ చేయండి. తర్వాత బండిని న్యూట్రల్‌లో సెంటర్ స్టాండ్ మీద ఉంచి ఇంజిన్ స్టార్ట్ చేయండి. హ్యాండిల్ తిప్పుతుంటే ఇంజిన్ శబ్దం పెరగకూడదు.

• క్లచ్, బ్రేక్ లీవర్లు, హారన్, ఇండికేటర్ మునుపటిలాగే పని చేస్తున్నాయో లేదో నొక్కి చూడండి.

ఈ నాలుగింటిలో ఏ ఒక్కటి తేడాగా ఉన్నా బండి రోడ్డెక్కించొద్దు. మళ్లీ తీసి ఎక్కించండి. ఎలా తీయాలో ఇప్పుడు తెలుసు కదా!